స్కాట్ రీఫ్ పగడాల కింద గ్యాస్: అనుమతి అడుగుతున్నది దేనికి?

ఆస్ట్రేలియాకు వాయవ్య మూలన, కింబర్లీ తీరం నుంచి సుమారు 270 కిలోమీటర్ల దూరాన, సముద్రపు అడుగు ఒక్కసారిగా లోతుల్లోకి దిగిపోయే అంచున, కొన్ని వందల మీటర్ల లోతు నుంచి నిటారుగా పైకి లేచి, ఆటు సమయంలో మాత్రమే అక్కడక్కడ నీటిపైన కనిపించే పగడపు దిబ్బల సముదాయం ఒకటి ఉంది. దాని పేరు స్కాట్ రీఫ్. ఉత్తరాన గుండ్రటి దిబ్బ, దక్షిణాన ఒకవైపు తెరుచుకున్న పెద్ద దిబ్బ, వాటి మధ్య లోతైన పాయ, మరికొంత ఉత్తరాన సెరింగపటం అనే మరో దిబ్బ: స్థూలంగా దాని రూపం ఇది. శాండీ ఐలెట్ అనే చిన్న ఇసుక మేట తప్ప అక్కడ నేల అనదగినది దాదాపు లేదు. మనుషులెవరూ నివసించరు. ఈ దిబ్బ కిందా, దాని చుట్టుపక్కలా, రాతి పొరల్లో టొరోసా అనే గ్యాస్ క్షేత్రం ఉంది. 1971లో అక్కడ తవ్విన మొదటి బావితోనే ఆ సంగతి బయటపడింది.

టొరోసాను, దానికి దక్షిణాన ఉన్న బ్రెక్‌నాక్, కాలియన్స్ అనే మరో రెండు క్షేత్రాలను కలిపి బ్రౌజ్ అని పిలుస్తారు. వాటిలో సుమారు 14 లక్షల కోట్ల ఘనపుటడుగుల సహజవాయువు, దానితో పాటు సుమారు 39 కోట్ల పీపాల కండెన్సేట్ అనే తేలికపాటి చమురు ఉన్నాయని అంచనా. పెర్త్ నగరంలో ప్రధాన కార్యాలయం ఉన్న వుడ్‌సైడ్ కంపెనీ ఈ మూడు క్షేత్రాల నిర్వాహకురాలు. బీపీ, జపాన్‌కు చెందిన మిత్సుబిషి, మిత్సుయిల ఉమ్మడి సంస్థ దాని భాగస్వాములు. ఇప్పటి పథకం ప్రకారం దశలవారీగా యాభై వరకు బావులు తవ్వి, సముద్రం మీద లంగరు వేసిన రెండు భారీ ఉత్పత్తి నౌకల మీద గ్యాసును శుద్ధి చేసి, సుమారు 900 కిలోమీటర్ల పొడవైన పైపులైన్ ద్వారా దక్షిణాన కరాతా దగ్గర ఇప్పటికే ఉన్న నార్త్ వెస్ట్ షెల్ఫ్ ప్లాంటుకు చేర్చి, అక్కడ ద్రవీకరించి ఆసియా దేశాలకు అమ్ముతారు. 2018లో ప్రభుత్వాల ముందుకు వచ్చిన ఈ పథకం ఏడేళ్ళ తరవాత కూడా పరిశీలనలోనే ఉంది.

ఇన్నేళ్ళు నలగడానికి కారణం సమస్య అన్ని వైపుల నుంచీ చిక్కుపడి ఉండటమే. జీవశాస్త్రం ఒక మాట చెబుతుంది, ఇంజనీరింగు ఇంకో మాట చెబుతుంది, చట్టం దిబ్బను పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల మధ్య ముక్కలు చేస్తుంది, వాతావరణ లెక్కలు వేరొక దస్త్రంలో ఉంటాయి. ఈ దస్త్రాలన్నిటినీ ఒకచోట పెట్టి చదివితే నాకు స్పష్టంగా కనిపించేది ఒక్కటే. స్కాట్ రీఫ్ ఇంతవరకు బతికి ఉండటానికి కారణం దాని చుట్టూ మనిషి నిరంతరం పెట్టే ఒత్తిడి లేకపోవడం. ఇప్పుడు అడుగుతున్న అనుమతి, కొన్ని దశాబ్దాల పాటు సరిగ్గా ఆ ఒత్తిడినే అక్కడికి తీసుకురావడానికి. దీన్ని కేవలం ప్రమాదం జరుగుతుందా జరగదా అన్న ప్రశ్నగా కుదించడం వల్ల చర్చ పొడుగునా అసలు విషయం పక్కకు పోతున్నది.

ఎందుకు అంటున్నానో చెప్పడానికి 1998కి వెళ్ళాలి. ఆ ఏడాది సముద్రపు నీరు అసాధారణంగా వేడెక్కడంతో ప్రపంచమంతటా పగడాలు తెల్లబారాయి. పగడపు జీవి తన కణజాలంలో సూక్ష్మమైన శైవలాలకు చోటిచ్చి, అవి సూర్యకాంతితో తయారుచేసే ఆహారంతో బతుకుతుంది. నీరు మితిమీరి వేడెక్కితే ఆ శైవలాలను బయటికి వెళ్ళగొడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. స్కాట్ రీఫ్ మీద బతికిన పగడం అడుగునేలలో 9 శాతానికి పడిపోయింది. ఇలా దెబ్బతిన్న దిబ్బ కోలుకోవాలంటే పొరుగున ఉన్న ఆరోగ్యకరమైన దిబ్బల నుంచి పగడపు పిల్లజీవులు కొట్టుకొచ్చి స్థిరపడాలని శాస్త్రజ్ఞులు అప్పటివరకు అనుకునేవారు. స్కాట్ రీఫ్‌కు ఆ పొరుగే లేదు. తెల్లబారిన తరవాత ఆరేళ్ళ పాటు అక్కడ కొత్త పిల్లజీవుల రాక 94 శాతం తగ్గింది. ఆ లెక్కన అది చచ్చిపోయిన దిబ్బ.

అయినా పన్నెండేళ్ళలో పగడం 9 శాతం నుంచి 44 శాతానికి పెరిగింది. ఆస్ట్రేలియా సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఏళ్ళ తరబడి ఒకే చోట్లకు తిరిగి వెళ్ళి కొలిచి, 2013లో 'సైన్స్' పత్రికలో ఈ విషయాన్ని ప్రకటించారు. వారు చూపిన కారణం ఈ వ్యాసానికి గుండెకాయ. బయటి సాయం రాలేదు. మిగిలిపోయిన కొద్దిపాటి పగడాలే చావకుండా నిలబడి, వేగంగా పెరిగి, పెద్దవై, తమ సంతానంతో దిబ్బను తిరిగి నింపాయి. అవి అలా నిలబడగలగడానికి కారణం నీరు నిర్మలంగా ఉండటం, తీరం నుంచి మట్టి, ఎరువులు, మురుగు వచ్చి పడకపోవడం, పగడాలతో చోటుకోసం పోటీపడే నాచును మేసి అదుపులో ఉంచే చేపలు సమృద్ధిగా ఉండటం. ఒంటరితనం వల్ల కలిగే నష్టం కంటే, మనుషుల నిరంతర ఒత్తిడికి దూరంగా ఉండటం వల్ల కలిగే లాభమే ఎక్కువ కావచ్చని ఆ అధ్యయనం తేల్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మనిషి అడుగు పడని చోటు అని స్కాట్ రీఫ్‌ను వర్ణిస్తే అది నిజం కాదు. ఆస్ట్రేలియా పటాల్లో ఆ దిబ్బ చోటుచేసుకోవడానికి ఎంతో ముందు నుంచే, ఇప్పటి ఇండోనేషియాలోని రోటె వంటి ద్వీపాల మత్స్యకారులు తెరచాప పడవల్లో అక్కడికి వచ్చి సముద్ర దోసకాయలు, ట్రోకస్ గుల్లలు, సొర రెక్కలు సేకరించుకునేవారు. 1974లో ఆస్ట్రేలియా, ఇండోనేషియా ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం సంప్రదాయ పద్ధతుల్లో వేటాడేవారికి ఆ హక్కు ఇప్పటికీ ఉంది. దాని ఫలితంగా అక్కడ సముద్ర దోసకాయలు, సొరలు తగ్గిపోయిన మాట వాస్తవం. కానీ ఆ వేట నాచు మేసే చేపల జోలికి అంతగా పోలేదు, నీటిని పాడుచేయలేదు. పగడాల కోలుకునే శక్తి దెబ్బతినలేదు. మనిషి అక్కడికి రావడం ఒక్కటే ముప్పు కాదు. ఏ రకం ఒత్తిడి, ఎంతకాలం అన్నదే తేడా తెస్తుంది.

ఆ దిబ్బ మీద ఆధారపడింది పగడాలు మాత్రమే కాదు. శాండీ ఐలెట్ ఇసుకలో ఆకుపచ్చ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. జన్యుపరంగా చూస్తే అవి మిగతా ఆస్ట్రేలియా తాబేళ్ళకు చెందినవి కావు; శాండీ ఐలెట్, దానికి తూర్పున ఉన్న బ్రౌజ్ దీవి, ఈ రెండు చోట్ల మాత్రమే గుడ్లు పెట్టే ప్రత్యేక సంతతి అవి. పొట్టి నీలి తిమింగలాలు ఇండోనేషియా సముద్రాల వైపు వెళ్తూ, తిరిగి వస్తూ ఈ దిబ్బల పక్కనుంచే సాగుతాయి. తిమోర్ సముద్రంలోని కొన్ని దిబ్బల మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని, అంతరించిపోయే ముప్పులో ఉన్న ఒక గోధుమరంగు సముద్రపు పాముకు ఇది మిగిలిన కొద్ది ఇళ్ళలో ఒకటి. ఒకప్పుడు సముద్రపు పాములకు పేరుపడ్డ ఆష్‌మోర్ రీఫ్‌లో, అది 1983 నుంచి రక్షిత ప్రాంతమైనప్పటికీ, అవి దాదాపు కనుమరుగయ్యాయి. అందువల్ల స్కాట్ రీఫ్‌కు మునుపు లేని ప్రాధాన్యం వచ్చింది. ఇక దక్షిణ దిబ్బ లోపలి లోతైన మడుగులో, వెలుతురు మసకబారే 30 నుంచి 70 మీటర్ల లోతున, పలుచని రేకుల్లాంటి పగడాలు విస్తారంగా పరుచుకుని ఉన్నాయి. అంత లోతున అంత విరివిగా పగడాలు పెరగడం అరుదు.

బావి తవ్వకం అంటే గొట్టం దించి గ్యాసు లాగడం అని చాలామంది ఊహ. ఆ పని నిజానికి ఎలా సాగుతుందో కొంత వివరంగా చూడాలి. రిగ్గు నుంచి దించిన గొట్టం చివరన ఉండే బిట్టు రాతిని పిండిచేస్తూ దిగుతుంటే, ఆ రాతిపొడిని పైకి తోయడానికీ, బావిలోని ఒత్తిడిని అదుపులో ఉంచడానికీ డ్రిల్లింగ్ మడ్ అనే చిక్కటి ద్రవాన్ని నిరంతరం పంపుతారు. పైకి వచ్చిన రాతిపొడిని వేరుచేసి సముద్రంలోకే వదలడం సాధారణ పద్ధతి. అందులోని బరువైన రేణువులు దగ్గరలోనే దిగినా, సన్నని ధూళి ప్రవాహాలతో పోతుంది. లోతు మడుగులోని పగడాలు ఇప్పటికే కొద్దిపాటి వెలుతురుతో సరిపెట్టుకుంటున్నాయి. వాటికి నీటిలోని కొద్దిపాటి మసక కూడా ఆహారంలో కోతే. పగడం తన మీద పడిన ధూళిని జిగురు పదార్థంతో కడిగేసుకోగలదు, కానీ ఆ పనికి ఖర్చయ్యే శక్తి ఎదుగుదల నుంచి, సంతానోత్పత్తి నుంచి తగ్గుతుంది.

ఉత్పత్తి మొదలయ్యాక గ్యాసుతో పాటు భూగర్భపు నీరు కూడా పైకి వస్తుంది. దానిలో కరిగిన హైడ్రోకార్బన్లు, లోహాలు, తుప్పు పట్టకుండా వాడే రసాయనాల అవశేషాలు ఉంటాయి. శుద్ధి చేసి, నిర్దేశించిన పరిమితుల లోపు తగ్గించి సముద్రంలోకి వదులుతారు. క్షేత్రం పాతబడేకొద్దీ ఈ నీటి పరిమాణం సాధారణంగా పెరుగుతుంది. రాత్రంతా వెలిగే దీపాలు, మిగులు గ్యాసును కాల్చేసేటప్పుడు అప్పుడప్పుడు ఎగసే ఫ్లేర్ మంట మరో సమస్య. గుడ్డులోంచి బయటపడిన తాబేలు పిల్ల సముద్రపు దిక్కును వెలుతురును బట్టే పోల్చుకుంటుంది. నీటిలోకి దిగాక కూడా వెలుగుకు ఆకర్షితమై దాని చుట్టూ తిరిగితే, కాచుకుని ఉన్న చేపలకు ఆహారమవుతుంది. మన కోస్తా తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కోసం పనిచేసేవారు గుడ్లు పొదిగే కాలంలో తీరపు దీపాలు తగ్గించాలని కోరేది ఇందుకే. శబ్దం సంగతి తిమింగలాలకు సంబంధించినది: నీటిలో ధ్వని గాలిలో కంటే దాదాపు నాలుగున్నర రెట్ల వేగంతో, చాలా దూరం పోతుంది. నౌకను కదలకుండా ఒకేచోట నిలిపి ఉంచే థ్రస్టర్ల మోత వాటి మేతను, సంభాషణను చెదరగొట్టగలదు.

అంతగా చర్చకు రానిది నేల కుంగుబాటు. రాతి రంధ్రాల్లోని గ్యాసు పైనున్న పొరల బరువును కొంత మోస్తూ ఉంటుంది. దాన్ని తీసేస్తే రాయి కొంత నొక్కుకుపోయి, పైనున్న అడుగునేల కొద్దిగా దిగుతుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ క్షేత్రంలో ఇది దశాబ్దాలుగా అనుభవంలో ఉన్న విషయమే. సముద్రమట్టం పెరుగుతున్న కాలంలో, అసలే అలలతో సమానంగా నిలిచిన ఇసుక మేట మీద, తుపానుల మధ్య గుడ్లు పెట్టే తాబేళ్ళకు కొన్ని సెంటీమీటర్ల తేడా కూడా చిన్నది కాదు. ఈ కుంగుబాటుకు దీపాల మాదిరిగా ఆర్పివేసే అవకాశం లేదు, నీటి మాదిరిగా శుద్ధి చేసే అవకాశమూ లేదు.

ఇవన్నీ అంతా సవ్యంగా జరిగినప్పటి సంగతులు. బావి అదుపు తప్పితే ఏమవుతుందో ఊహించుకోనక్కరలేదు, ఆ ప్రాంతంలోనే ఉదాహరణ ఉంది. 2009 ఆగస్టు 21న తిమోర్ సముద్రంలోని మోంటారా క్షేత్రంలో, థాయ్‌లాండ్ ప్రభుత్వ రంగ సంస్థకు అనుబంధ కంపెనీ నిర్వహిస్తున్న బావిలో బ్లోఅవుట్ సంభవించింది. బావి అడుగున వేసిన సిమెంటు సరిగ్గా బిగియలేదనీ, దాన్ని సరిగ్గా పరీక్షించలేదనీ, రెండో రక్షణ ఉండవలసిన చోట లేదనీ ప్రభుత్వ విచారణ సంఘం తరవాత నిర్ధారించింది. పక్కనుంచి మరో బావి తవ్వి, రెండున్నర కిలోమీటర్లకు పైగా లోతున ఆ సన్నని గొట్టాన్ని తాకి మూసేయడానికి పలు ప్రయత్నాలు పట్టాయి. మొత్తం 74 రోజులు చమురు, గ్యాసు పారాయి. చమురు తెట్టు ఇండోనేషియా జలాల్లోకి చేరింది. రోటె, కుపాంగ్ ప్రాంతాల్లో సముద్రపు నాచు సాగు దెబ్బతిన్నది. అక్కడి రైతుల తరఫున వేసిన దావాలో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2021లో వారికి అనుకూలంగా తీర్పునిచ్చింది, 2022లో 19.25 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల పరిహారానికి రాజీ కుదిరింది. అంటే నష్టం జరిగిన పదమూడేళ్ళకు.

బ్లోఅవుట్ అనే మాట కోనసీమవారికి వివరించనక్కరలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి నుంచి లేచిన మంట 65 రోజులు మండింది. రోడ్లు, కాలువలు, ఊళ్ళు, యంత్రాలు చేరవేయడానికి అన్ని సదుపాయాలూ ఉన్న నేల మీద, విదేశీ నిపుణులను రప్పించి ఆర్పడానికి పట్టిన కాలం అది. తీరానికి 270 కిలోమీటర్ల దూరాన, తుపానుల దారిలో, ఆ పని అంతకంటే సులువు కాదు.

స్కాట్ రీఫ్ విషయంలో కాలం మరింత కీలకం. బ్రౌజ్ గ్యాసుతో వచ్చే కండెన్సేట్ ముడిచమురు కంటే తేలికైనది, త్వరగా ఆవిరవుతుంది, కాబట్టి ముప్పు తక్కువన్న వాదన ఉంది. ఆవిరయ్యే మాట నిజమే. కానీ ఆవిరయ్యేలోపు నీటిలో కరిగే విషపదార్థాలు తేలిక నూనెల్లోనే ఎక్కువ. పగడాలు ఏడాదిలో కొన్ని నిర్దిష్టమైన రాత్రుల్లో ఒక్కసారిగా అండాలను, శుక్రకణాలను మూటలుగా వదులుతాయి. స్కాట్ రీఫ్‌లో ఇది రెండు ఋతువుల్లో జరుగుతుంది: మార్చి ప్రాంతంలో ప్రధానంగా, అక్టోబరు ప్రాంతంలో కొంత తక్కువగా. ఆ మూటలు నీటిపైకి తేలతాయి, అక్కడే ఫలదీకరణం చెంది రోజుల తరబడి పైపొరలోనే తిరుగుతాయి. చమురు తెట్టు ఉండేది కూడా ఆ పైపొరలోనే. అలా పుట్టిన పిల్లజీవుల్లో ఎక్కువ భాగం కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే స్థిరపడతాయని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి. ఒక ఋతువు సంతానం పోతే దాన్ని భర్తీ చేయడానికి పొరుగు దిబ్బ లేదు. అందుకే ప్రమాదానికి సంభావ్యత తక్కువ అన్న లెక్క ఒక్కటే చూపడం చాలదు; నష్టం జరిగితే కోలుకునే దారి ఉందా అన్నది కూడా లెక్కలోకి రావాలి.

ఇంత ముప్పున్నప్పుడు దీని మీద పోరాటం జరగలేదా? జరిగింది, కానీ దిబ్బ చుట్టూ జరగలేదు. 2008 నుంచి 2013 వరకు బ్రౌజ్ గ్యాసును బ్రూమ్ పట్టణానికి ఉత్తరాన జేమ్స్ ప్రైస్ పాయింట్ అనే చోట ఒడ్డుకు తెచ్చి ద్రవీకరించాలన్నది పథకం. అప్పటి పశ్చిమ ఆస్ట్రేలియా ప్రీమియర్ (రాష్ట్ర ప్రభుత్వాధినేత) కాలిన్ బార్నెట్ దానికి గట్టి సమర్థకుడు. ఆ తీరం గూలరబూలూ ఆదివాసులకు పవిత్రమైన దారుల మీద ఉంది. అక్కడి రాళ్ళలో డైనోసార్ల అడుగుజాడలున్నాయి. ఆదివాసుల్లో ఒక వర్గం, పట్టణవాసులు, పర్యావరణ సంఘాలు కలిసి శిబిరాలు వేసి, రోడ్లకు అడ్డంగా నిలబడి ఏళ్ళ తరబడి పోరాడారు. 2013 ఏప్రిల్‌లో ఖర్చులు గిట్టవంటూ కంపెనీ ఆ పథకాన్ని వదులుకుంది. అదే ఏడాది ఆగస్టులో, పర్యావరణ అనుమతి ఇచ్చిన సభ్యులకు స్వప్రయోజనాలతో సంఘర్షణ ఉన్నందున ఆ అనుమతే చెల్లదని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

తరవాత వచ్చిన ఆలోచన, గ్యాసును సముద్రం మీదే భారీ నౌకల్లో ద్రవీకరించడం. ధరలు పడిపోవడంతో 2016 మార్చిలో అది కూడా ఆగింది. మూడోది ఇప్పటి పైపులైన్ పథకం. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి: గ్యాసును ఎక్కడ ద్రవీకరించాలన్నది మాత్రమే ప్రతిసారీ మారింది. టొరోసా బావులు మూడు పథకాల్లోనూ స్కాట్ రీఫ్ దగ్గరే ఉన్నాయి. మనుషులున్న తీరం కోసం మనుషులు నిలబడ్డారు, గెలిచారు. ఎవరూ నివసించని దిబ్బకు అలాంటి అండ దొరకలేదు. పగడాలను కాపాడిన దూరమే, వాటి తరఫున మాట్లాడేవారిని కూడా దూరం చేసింది.

చట్టం సంగతికి వస్తే చిక్కు మరింత ముదురుతుంది. ఆస్ట్రేలియాలో తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ళ వరకు సముద్రం రాష్ట్రానిది, ఆపైన కేంద్రానిది. అయితే సముద్రం మధ్యలో ఆటు సమయాన నీటిపైకి కనిపించే నేల ఉంటే, దాని చుట్టూ కూడా రాష్ట్ర జలాలు ఏర్పడతాయి. 2014లో కొత్తగా సర్వే చేసినప్పుడు ఉత్తర దిబ్బ మీద మునుపు లెక్కలోకి రాని కొన్ని రాళ్ళు నీటిపైకి కనిపిస్తున్నాయని తేలింది. ఆ కొద్దిపాటి రాళ్ళ వల్ల టొరోసా క్షేత్రంలో సగానికి పైగా రాష్ట్ర వాటా అయింది, రాయల్టీ లెక్కలు తలకిందులయ్యాయి. దిబ్బ ఎత్తు పెరిగితే ఆదాయం ఎవరికి వస్తుందో ఇంత శ్రద్ధగా కొలిచిన ప్రభుత్వాలు, ఆ దిబ్బనంతటినీ తవ్వకాలకు అతీతమైన రక్షిత ప్రాంతంగా ప్రకటించలేదు. దక్షిణాన ఉన్న రౌలీ షోల్స్‌కూ, ఉత్తరాన ఉన్న ఆష్‌మోర్‌కూ సముద్ర ఉద్యానాలున్నాయి. మధ్యలో ఉన్న స్కాట్ రీఫ్‌కు అలాంటి సంపూర్ణ రక్షణ లేదు. కింద గ్యాసు ఉండటం తప్ప దీనికి వేరే కారణం నాకు కనిపించదు.

రాష్ట్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ తన పరిధిలోని భాగాన్ని పరిశీలించి, ఈ పథకం ఆమోదయోగ్యం కాదని ప్రాథమికంగా అభిప్రాయపడినట్టు 2024లో బయటికి వచ్చింది. అది తుది నిర్ణయం కాదు. కంపెనీ ఆ తరవాత పథకంలో మార్పులు చేసి, మళ్ళీ ముందుకు తెచ్చింది. ఈ లోపల వేరొక దస్త్రం మీద పెద్ద నిర్ణయం జరిగిపోయింది. 1980లలో ఉత్పత్తి మొదలుపెట్టిన నార్త్ వెస్ట్ షెల్ఫ్ ప్లాంటును 2070 వరకు నడపడానికి 2024 డిసెంబరులో రాష్ట్రం, 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రి ముర్రే వాట్ అనుమతులిచ్చారు. ఆ ప్లాంటుకు గ్యాసు ఇచ్చిన పాత క్షేత్రాలు అడుగంటుతున్నాయి. 2070 వరకు నడవాలంటే కొత్త గ్యాసు కావాలి. అందుబాటులో ఉన్న వాటిలో పెద్దది బ్రౌజ్. అయినా ప్లాంటు పొడిగింపును పరిశీలించేటప్పుడు స్కాట్ రీఫ్ మీద పడే ప్రభావం ఆ దస్త్రంలోకి రాలేదు, ఎందుకంటే అది వేరే ప్రాజెక్టు. రేపు బ్రౌజ్‌ను పరిశీలించేటప్పుడు, సిద్ధంగా ఉన్న ప్లాంటు ఖాళీగా ఉండిపోతుందన్న వాదన బలంగా ముందుకు వస్తుంది. గ్యాసును జపాన్‌లోనో, కొరియాలోనో మండించినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు ఈ దస్త్రాల్లో దేనికీ నిర్ణాయకం కాదు; ప్రాజెక్టు వల్ల పెరిగే వాతావరణ ముప్పును తిరస్కరణకు కారణంగా తీసుకోవాలన్న నిబంధన కేంద్ర పర్యావరణ చట్టంలో లేదు. ఒక్కొక్క కార్యాలయం తన ముక్కను నిజాయితీగానే చూసినా, దిబ్బను మొత్తంగా చూసే కార్యాలయం ఎక్కడా ఉండదు.

బ్రౌజ్ గ్యాసులో సుమారు పదో వంతు బొగ్గుపులుసు వాయువే. దాన్ని వేరుచేసి గాలిలోకి వదలకుండా కాలియన్స్ క్షేత్రం కింది పొరల్లోకి తిరిగి పంపుతామని కంపెనీ ఇప్పుడు చెబుతున్నది. ఈ వాగ్దానాన్ని తూచడానికి అదే రాష్ట్రంలో ఒక కొలమానం ఉంది. బారో దీవి మీద షెవ్రాన్ నిర్వహించే గోర్గన్ ప్రాజెక్టుకు, భూగర్భం నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువులో 80 శాతాన్ని నేలలో నిల్వచేయాలన్న షరతుతో అనుమతి దక్కింది. గ్యాసు అమ్మకం మొదలైన మూడేళ్ళకు, 2019లో, ఆ నిల్వ ప్రారంభమైంది; అప్పటి నుంచి లక్ష్యానికి చాలా దూరంలోనే నడుస్తున్నది. ఇసుక గొట్టాల్లో అడ్డుపడటం, భూగర్భంలో నీటి ఒత్తిడి పెరగడం వంటి సమస్యలు చెప్పారు. షరతు నెరవేరకపోయినా గ్యాసు ఎగుమతి ఆగలేదు. షరతులతో కూడిన అనుమతి అన్న మాటను నేను అంత తేలిగ్గా నమ్మలేకపోవడానికి ఇదే కారణం.

కంపెనీ వాదనను కూడా దాని బలంతోనే చెప్పాలి. దిబ్బ మీద బావి తవ్వబోమనీ, లోతైన నీటిలో మొదలుపెట్టి వంపుగా తవ్వుతామనీ, లోతు తక్కువగా ఉన్న పగడాల మీద ఏ నిర్మాణమూ ఉండదనీ అది అంటున్నది. ఆసియాలో బొగ్గుకు బదులుగా ఈ గ్యాసు వాడితే ఉద్గారాలు తగ్గుతాయనీ, ఎగుమతి గ్యాసులో 15 శాతం స్థానిక అవసరాలకు కేటాయించాలన్న 2006 నాటి రాష్ట్ర విధానం వల్ల ఇంటి గ్యాసు, పరిశ్రమల కొరత తీరుతుందనీ కూడా అంటున్నది. వంపు తవ్వకం నిజంగానే సాధ్యం, అది పగడాల మీద నేరుగా పడే దెబ్బను తగ్గిస్తుంది. కానీ కుంగుబాటును, శబ్దాన్ని, వెలుతురును, తెట్టును అది ఆపదు. స్థానిక కొరత నిజమైనదే అయితే, ఇప్పటికే ఎగుమతవుతున్న పెద్ద వాటాలోంచి తీర్చడం దిబ్బ కింద తవ్వడం కంటే దగ్గరి దారి. బొగ్గుకు బదులుగా అన్న మాట కొన్ని చోట్ల నిజం, కొన్ని చోట్ల ఆ గ్యాసు సౌర, పవన విద్యుత్తుకే బదులుగా నిలుస్తుంది. 2030లలో గానీ రాని గ్యాసు విషయంలో రెండోదానికే అవకాశం ఎక్కువని నా అభిప్రాయం.

ఇందులో మనకూ ఒక పాత్ర ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియా గ్యాసు భారతదేశానికి కూడా వస్తుంది; గోర్గన్ నుంచి ఏటా సుమారు 14 లక్షల టన్నుల ద్రవీకృత వాయువు కొనడానికి మన దేశపు పెట్రోనెట్ కంపెనీ 2009లో దీర్ఘకాలిక ఒప్పందం చేసుకుంది. ఇలాంటి ఒప్పందాలే బ్యాంకుల నుంచి అప్పు తెస్తాయి, ఆ అప్పే బావులు తవ్విస్తుంది. కొనేవారు ఏ క్షేత్రపు గ్యాసు అని అడగడం ఇప్పటివరకు అలవాటు లేదు.

ఎలాగూ వేడికి చచ్చిపోయే దిబ్బ కోసం ఇంత గొడవ ఎందుకని అడిగేవారు కొందరున్నారు. 2016లో స్కాట్ రీఫ్ మళ్ళీ తీవ్రంగా తెల్లబారింది. 2024 చివర మొదలైన సముద్రపు నీటి వేడి నింగలూ, రౌలీ షోల్స్ సహా పశ్చిమ ఆస్ట్రేలియా దిబ్బలకు ఎన్నడూ లేనంత నష్టం చేసింది. వేడి దెబ్బల మధ్య విరామం తగ్గుతున్నదన్నది కాదనలేని నిజం. 1998 తరవాత దొరికినట్టు పన్నెండేళ్ళ తీరిక ఇక దొరక్కపోవచ్చు. అందువల్లనే ఆ తగ్గిపోతున్న విరామంలో ధూళి, విషం, కృత్రిమ కాంతి లేని నీరు ఆ పగడాలకు మునుపటి కంటే ఎక్కువ అవసరం. సముద్రపు వేడిని ఒక రాష్ట్రమో, ఒక మంత్రిత్వ శాఖో ఒంటరిగా తగ్గించలేదు. బావులను ఆపడం మాత్రం వాటి చేతిలోని పని. పైగా వేడి పెరగడానికి కారణమైన ఇంధనాన్నే, వేడికి అల్లాడుతున్న దిబ్బ కింద నుంచి తీయడానికి అనుమతి ఇస్తే, రెండు వైపుల నుంచీ దెబ్బ కొట్టినట్టే.

ఇలాంటి తవ్వకాన్ని ఆస్ట్రేలియా ఆపిన చరిత్ర ఉంది. 1967లో ఆస్ట్రేలియా తూర్పు తీరాన గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో భాగమైన ఎల్లిసన్ రీఫ్ నుంచి సున్నపురాయి తీసుకోవడానికి ఒకరు దరఖాస్తు పెడితే, అది చచ్చిన దిబ్బ అన్న వాదనను కళాకారుడు జాన్ బ్యూస్ట్, కవయిత్రి జూడిత్ రైట్ వంటివారు స్వచ్ఛంద ఈతగాళ్ళ సాక్ష్యంతో కోర్టులో పూర్వపక్షం చేశారు. 1970లో గ్రేట్ బ్యారియర్ రీఫ్ ప్రాంతంలోని రిపల్స్ బేలో ఆంపోల్, జాపెక్స్ కంపెనీలు చమురు బావి తవ్వబోతే, ఆ రిగ్గుకు సేవలందించబోమని కార్మిక సంఘాలు తీర్మానించాయి. అదే ఏడాది మార్చిలో టోరెస్ జలసంధిలో ఓషియానిక్ గ్రాండియర్ అనే ట్యాంకరు రాయికి తగిలి చమురు ఒలకబోసింది. రాయల్ కమిషన్ అనే ప్రభుత్వ విచారణ సంఘం వచ్చింది, 1975లో సముద్ర ఉద్యాన చట్టం వచ్చింది, చమురు తవ్వకం శాశ్వతంగా నిషిద్ధమైంది. ఆ దిబ్బ కింద ఎంత చమురు ఉండవచ్చో పూర్తిగా తేల్చుకున్నాక తీసుకున్న నిర్ణయం కాదు అది. తేల్చుకునే పని కూడా వద్దని తీసుకున్నది.

స్కాట్ రీఫ్‌కు అలాంటి నిషేధం కావాలంటే దాన్ని కిందివైపుకు కూడా గీయాలి. నీటిని, అడుగునేలను మాత్రమే కాపాడే రక్షిత ప్రాంతం సరిపోదు, సరిహద్దు బయట రిగ్గు నిలిపి వంపుగా లోపలి పొరల్లోకి తవ్వే వీలుంది కాబట్టి. టొరోసాలో దిబ్బ కింద ఉన్న భాగాన్ని క్షేత్రం నుంచే మినహాయించాలి. దానికి పర్యావరణ అనుమతి నిరాకరణ ఒక్కటే మార్గం కాదు. ఇప్పుడే లాభసాటిగా లేని, కానీ పదిహేనేళ్ళలో లాభసాటి కాగలదని భావించే క్షేత్రాన్ని కంపెనీ చేతిలో ఉంచుకోవడానికి ఆస్ట్రేలియా చట్టం ఒక ప్రత్యేకమైన లీజును ఇస్తుంది. అయిదేళ్ళకోసారి దాన్ని పునరుద్ధరించాలి. 1971లో దొరికిన టొరోసా అర్ధ శతాబ్దం దాటినా ఉత్పత్తికి రాకుండా కంపెనీ చేతిలో ఉన్నది ఈ పునరుద్ధరణలతోనే. పర్యావరణ దస్త్రానికి ఉన్నట్టు ప్రజాభిప్రాయ సేకరణ దీనికి ఉండదు, పత్రికల్లో పెద్దగా వార్త కూడా కాదు. మంత్రులు సంతకం చేస్తే మరో అయిదేళ్ళు గడిచిపోతాయి. దిబ్బ పట్ల శ్రద్ధ ఉన్నవారు తదుపరి పర్యావరణ నివేదిక కోసం ఎదురుచూస్తూనే, లీజు గడువు ఎప్పుడు ముగుస్తుందో కూడా గుర్తుపెట్టుకుని, ఈసారి దాన్ని ఎందుకు పొడిగించాలో చెప్పమని మంత్రులను ముందుగానే, బహిరంగంగా అడగాలి.